మంచు పోయాక ఆ లైటు ఆర్పండి



నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల పోస్టుల మధ్యలో ఈసారి కొంచెం వేరే విషయం రాస్తున్నాం. కారు ముందు బంపర్‌లో కింద రెండు చిన్న లైట్లుంటాయి కదా, ఫాగ్ లైట్లు, వాటి గురించి. "ఇది కూడా రాయాల్సిన విషయమేనా" అని కొందరికి నవ్వు రావచ్చు. పర్లేదు. చివరిదాకా చదివాక చెప్పండి.

మనవాళ్లలో స్టీరింగ్ పట్టినవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. పాడేరు, చింతపల్లి, అరకు నుంచి వచ్చి విజయవాడలో ట్రావెల్స్ కార్లు నడుపుతున్న అన్నలున్నారు. డెల్టాలోనే పుట్టి పెరిగిన యానాది, ఎరుకల, లంబాడీ మిత్రులు ఆటోలు, ట్రాక్టర్లు, చేపల బళ్లు నడుపుతున్నారు. మా హాస్టల్లోనే ముగ్గురు లైసెన్సు తీసుకున్నారు. సంక్రాంతి సెలవులకు అందరం తెల్లవారుజామున బండెక్కుతాం. డెల్టాలో పొగమంచు బాగా పట్టేది కూడా ఆ రోజుల్లోనే, ఆ వేళల్లోనే.

ముందు అసలు మాట చెప్పేస్తాం. 100 మీటర్ల దూరం కనపడనప్పుడు ఫాగ్ లైటు వేయాలి. కనపడటం మొదలవగానే ఆర్పేయాలి. ఈ రెండో సగం చాలామందికి తెలీదు, తెలిసినా పట్టించుకోరు. బెంజి సర్కిల్ దగ్గర ఏ రాత్రి నిలబడి చూసినా సరే, ఆకాశం అద్దంలా ఉంటుంది, వచ్చే కార్లలో కొన్ని మాత్రం ఫాగ్ లైట్లు వెలిగించుకునే వస్తాయి. స్టైల్ కోసం. ఆ స్టైలుకి లెక్క కట్టేది కారులో ఉన్నవాడు కాదు, ఎదురుగా సైకిల్ మీద, కాలినడకన వచ్చేవాడు.

మన కొండల మంచు వేరు, ఇక్కడి మంచు వేరు. లంబసింగిలో, వంజంగిలో మనం చూసేది లోయల్లో నిండే మంచు, కొండ వాలుకి ఆనుకునే మేఘం. దూరం నుంచే తెల్లగా కనపడుతుంది, ఇక మంచులోకి దిగుతున్నామని తెలుస్తుంది. డెల్టాలో అలా కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే కాలవలు, తడిసిన వరి మళ్లు, కైకలూరు వైపు చేపల చెరువులు, ఎటు చూసినా నీళ్లే. ఆకాశం మబ్బు లేకుండా ఉండి, గాలి కదలని రాత్రి, నేల తన వేడిని వదిలేసి చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న తడిగాలి కూడా చల్లబడి, అందులోని ఆవిరి సన్నటి నీటి చుక్కలుగా మారుతుంది. అర్ధరాత్రి దాటాక మొదలై, సూర్యోదయానికి కాస్త అటూ ఇటూ బాగా చిక్కబడుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాకే విడిపోతుంది. అందుకే శీతాకాలం పొద్దున్నే గన్నవరం వచ్చిన విమానాలు ఒక్కోసారి దిగలేక గాల్లో చక్కర్లు కొడతాయి. భోగి రోజైతే మంటల పొగ కూడా కలుస్తుంది. పొగలోని రేణువుల చుట్టూ తేమ చేరి మంచు ఇంకా దట్టమవుతుంది.

ఇంకో తేడా, ఇది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఊరి మధ్యలో శుభ్రంగా కనపడుతుంది, ఊరు దాటి కాలవ గట్టెక్కగానే తెల్లటి గోడ. కిలోమీటరు పోయాక మళ్లీ ఏమీ ఉండదు. అందుకే ఇక్కడ ఫాగ్ లైటు ఒకసారి వేసి మర్చిపోయే వస్తువు కాదు. చెయ్యి స్విచ్ దగ్గరే ఉండాలి.

మంచులో హై బీమ్ ఎందుకు పనికిరాదో కూడా తెలుసుకుందాం. హై బీమ్ కాంతి దూరంగా, కొంచెం పైకి పోతుంది. మంచులోని కోట్లాది నీటి చుక్కలు ఆ కాంతిని అన్ని వైపులా చిమ్ముతాయి, కొంత తిరిగి మన కళ్లల్లోకే వస్తుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగు మన కళ్ల ముందు తెరలా నిలబడుతుంది. డిమ్ లైటు కిందికి పడుతుంది కాబట్టి కొంత నయం. ఫాగ్ లైటు ఇంకా కింద, బంపర్‌లో ఉంటుంది. దాని వెలుగు పైకి లేవకుండా, వెడల్పుగా, నేలకు దగ్గరగా పరుచుకుంటుంది. ముందు ఏముందో దూరం దాకా చూపించదు. దగ్గరి రోడ్డు, పక్కనున్న తెల్ల గీత, గట్టు అంచు చూపిస్తుంది. అంటే ఫాగ్ లైటు మెల్లగా పోయేవాడి లైటు. అది వేసుకున్నాం కదా అని 80లో పోతే దాని వల్ల లాభం ఏమీ లేదు.

పోయిన జనవరిలో ఒక రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఐదుగురం కారులో ఊరికి బయల్దేరాం. నడిపేది చింతపల్లి అన్న. ఏళ్లుగా విజయవాడలోనే డ్రైవింగ్. రామవరప్పాడు రింగ్ దాటేదాకా మంచు ఊసే లేదు. గన్నవరం దాటాక పల్చగా మొదలైంది. అన్న స్పీడు తగ్గించాడు కానీ ఫాగ్ లైటు వేయలేదు. హనుమాన్ జంక్షన్ ఇంకా రాలేదనగా ముందు పోతున్న లారీ వెనక లైట్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. అప్పుడు వేశాడు. మాలో ఒకడు, "అన్నా, ఫుల్ లైట్ కూడా వెయ్యి, ఏమీ కనబడట్లేదు" అన్నాడు.

"లైటెక్కువైతే ఎక్కువ కనబడతాదనుకున్నావేటి తమ్ముడూ? సూడు" అని ఒక్క క్షణం హై బీమ్ కొట్టి చూపించాడు. అద్దానికి ఎవరో తెల్ల దుప్పటి కప్పినట్టయింది. వెంటనే డిమ్‌కి మార్చేశాడు.

మరి 100 మీటర్లు ఎలా తెలుస్తుంది అని అడిగాం. అన్న లెక్క చాలా సులువు. గంటకు 36 కిలోమీటర్లలో పోతుంటే సెకనుకు 10 మీటర్లు పోతాం. ఎదురుగా ఒక చెట్టో స్తంభమో మంచులోంచి మొదటిసారి బయటపడగానే లెక్క మొదలుపెట్టాలి. అది మన పక్కకి వచ్చేసరికి పది సెకన్లు పడితే 100 మీటర్లు కనపడుతున్నట్టు. 72లో పోతుంటే ఐదు సెకన్లే. లెక్క అంతకంటే తక్కువ వస్తే ఫాగ్ లైటు వేయాల్సిందే, స్పీడు తగ్గించాల్సిందే. లెక్క ఇష్టం లేనివాళ్లు స్కూల్లో పరిగెత్తిన 100 మీటర్ల ట్రాక్ గుర్తు తెచ్చుకోండి. స్టార్టింగ్ గీత దగ్గర నిలబడితే ఫినిషింగ్ దగ్గర నిలబడ్డ మాస్టారు కనపడతారా, లేదా? అంతే.

ఈ 100 అన్నది అన్న సొంతంగా పెట్టుకున్న సంఖ్య కాదు. బ్రిటన్ హైవే కోడ్‌లో అదే కొలత ఉంది. 100 మీటర్ల చూపు లేనప్పుడు హెడ్‌లైట్లు తప్పనిసరి, ఫాగ్ లైట్లు కూడా వేసుకోవచ్చు, చూపు మెరుగుపడగానే ఫాగ్ లైట్లు ఆర్పి తీరాలి. జర్మనీలో వెనక ఫాగ్ లైటుకి ఇంకా గట్టి నియమం, మంచులో 50 మీటర్ల లోపు మాత్రమే కనపడుతుంటేనే అది వేయాలి, అప్పుడు స్పీడు కూడా 50 దాటకూడదు. మన వాతావరణ శాఖ 200 మీటర్ల లోపు చూపుంటే దట్టమైన పొగమంచు అంటుంది, 50 లోపైతే అతి దట్టమైనది అంటుంది. వార్తల్లో ఆ మాట వినపడితే రోడ్డు మీద దాని అర్థం ఏంటో ఇప్పుడు తెలిసింది కదా.

ఇంకో లెక్క. 80లో పోతున్న కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డం కనపడి, మనసుకి తట్టి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35, 40 మీటర్లు కావాలి. మంచుకి తడిసిన రోడ్డైతే ఇంకా ఎక్కువ. 50 మీటర్లే కనపడేచోట 80లో పోయేవాడు, చూసినా ఆగలేడు. బందరు రోడ్డు లాంటి పెద్ద రోడ్డు వదిలి కాలవ గట్టు రోడ్డెక్కితే రెండు వైపులా బళ్లు అదే దారిలో వస్తాయి. అక్కడ కనపడే దూరంలో సగంలోనే ఆగగలిగేంత స్పీడు ఉండాలి. మిగతా సగం ఎదురొచ్చేవాడిది.

ఆ రోజు మాకు ఎదురైంది ట్రాక్టరు. వెనక ట్రాలీకి లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. ఫాగ్ లైటు వెలుగులో ముందు దాని టైరు కనపడింది, తర్వాత ట్రాలీ, ఆ పైన గోనెసంచులు కప్పుకుని కూర్చున్న కూలీలు. మేం 30లో ఉన్నాం కాబట్టి హాయిగా ఆగి, పక్కకి తప్పుకుని పోయాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సంచుల కింద కూర్చున్నవాళ్లని చూశాక కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన ఊళ్ల నుంచి కూడా కోతలకు, మిరప ఏరడానికి అలాగే పోతారు. పొగమంచులో లైటు లేకుండా ఉండేది ఎక్కువగా మనలాంటివాళ్లే. కూలీ ట్రాలీ, చెరువు కాపలాకి పోయే సైకిలు, పొద్దున్నే వల భుజాన వేసుకుని నడిచే మనిషి.

ఏలూరు దగ్గరకొచ్చేసరికి మంచు తేలిపోయింది. అన్న మాట్లాడుతూనే ఫాగ్ లైటు ఆర్పేశాడు. అడిగితే, "మంచు లేన్చోట అది ఎదుటోడి కళ్లల్లో పొడుస్తాది" అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో అవనిగడ్డ వైపు యానాది మిత్రుడొకడు మాకు ముందే చెప్పి ఉన్నాడు. వాళ్ల నాన్న చేపలు పట్టి రాత్రి కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నాడు. మంచు లేదు, వాన లేదు, చుక్కలు కనపడుతున్న రాత్రి. ఎదురుగా ఒక కారు హెడ్‌లైట్లు, ఫాగ్ లైట్లు అన్నీ వేసుకుని వచ్చింది. కళ్లు చీకట్లు కమ్మి, గట్టు అంచు ఎక్కడుందో తెలియక సైకిల్‌తో సహా కిందికి జారిపోయాడు. నీళ్లలో పడలేదు కాబట్టి బతికాడు. భుజం ఎముక విరిగింది. ఆ సీజనంతా వల పట్టలేకపోయాడు. కారు ఆగలేదు. ఆగడానికి వాళ్లకి ఏం జరిగిందో తెలిస్తే కదా. గుద్దలేదు, గీయలేదు, లైటు మాత్రమే వేసుకున్నారు. ఏ కేసులోనూ ఎక్కని దెబ్బ అది.

ఇప్పుడు వెనక లైటు సంగతి. కొన్ని కార్లకు వెనక కూడా ఎర్రటి ఫాగ్ లైటు ఉంటుంది. మామూలు వెనక లైటు కన్నా చాలా తీవ్రంగా, బ్రేక్ లైటంత వెలుగుతుంది. దట్టమైన మంచులో వెనకొచ్చేవాడికి మనం ముందే కనపడతాం. మంచు లేనప్పుడు అదే వెలుగుతుంటే మనం బ్రేకు కొట్టిన సంగతి వాడికి తేడా తెలీదు. డ్యాష్‌బోర్డు మీద రెండిటికీ వేరే గుర్తులుంటాయి. దీపం బొమ్మ నుంచి గీతలు ఎడమకి ఏటవాలుగా దిగుతూ, వాటికి అడ్డంగా వంకర గీత ఉండి పచ్చగా వెలిగితే ముందుది. గీతలు కుడికి తిన్నగా ఉండి పసుపుగా వెలిగితే వెనకది. బండి తీసేముందు ఒకసారి చూసుకోండి.

కొత్త కార్లతో ఒక చిక్కుంది. పగలు ముందు సన్నగా వెలిగే డీఆర్ఎల్ లైట్లు చూసి లైట్లు పడ్డాయనుకుంటాం. చాలా కార్లలో వాటితో వెనక లైట్లు వెలగవు. "ఆటో"లో పెట్టినా, తెల్లారిన మంచులో వెలుతురు బాగా ఉంటుంది కాబట్టి సెన్సార్‌కి మంచు సంగతి తెలీదు. మంచులో డిమ్ లైటు చేత్తోనే వేసుకోవాలి. నాలుగు ఇండికేటర్లు టిక్కుటిక్కుమనిపిస్తూ నడపొద్దు. అవి ఆగిన బండికి. నడిచే బండి అవి వేసుకుంటే ఎటు తిరుగుతుందో ఎవరికీ అర్థం కాదు. మరీ కనపడకపోతే రోడ్డు మీదే ఆపేయకండి. మెల్లగా పోయి పెట్రోల్ బంకులోకో, హోటల్ ముందున్న ఖాళీ జాగాలోకో పూర్తిగా దిగిపోండి. టీ తాగేలోపు ఎండొస్తుంది.

మన అన్నలు నడిపే కార్లలో చాలావాటికి అసలు ఫాగ్ లైట్లే ఉండవు. తక్కువ రేటు మోడల్‌కి ఆ చోట ప్లాస్టిక్ మూత పెట్టి ఇస్తారు. అందుకని బాధపడక్కర్లేదు. డిమ్ లైటు, తుడిచిన అద్దం, తగ్గించిన స్పీడు, ఈ మూడూ ఉంటే చాలు. మూత తీసి బజార్లో దొరికే ఎల్ఈడీ బార్లు, కళ్లు చెదిరే తెల్ల లైట్లు బిగించుకోవద్దు. వాటిలో చాలావాటి వెలుగు కిందికి పడేలా కట్టింగ్ ఉండదు, మంచులో మన కళ్లకే ఎదురు తిరుగుతుంది. కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కింద కూడా చిక్కే.

ఇక కారు లేని మనవాళ్ల కోసం మనం చేయగలిగిందొకటుంది. ఎర్ర రేడియం టేపు ముక్క ఖర్చు ఎక్కువ కాదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇంట్లో సైకిల్ వెనక మడ్‌గార్డుకి, ట్రాక్టరు ట్రాలీ రెండు మూలలకి, నాన్న పట్టుకెళ్లే బుట్టకి తలో ముక్క అంటించండి. పొద్దున్నే నడిచేవాళ్లకి లేత రంగు తువ్వాలు భుజాన వేసుకోమని, బళ్లకి ఎదురుగా కుడివైపు నడవమని చెప్పండి. ఫోన్ టార్చి నేల వైపు పట్టుకోమని చెప్పండి.

స్టీరింగ్ పట్టే అన్నలకు, తమ్ముళ్లకు మాత్రం ఒక్కటే మాట. ఫాగ్ లైటు వేసేటప్పుడు దాన్ని ఆర్పే బాధ్యత కూడా చేతిలోకి తీసుకున్నట్టే. ఎదురుగా గట్టు మీద సైకిల్ తొక్కుతున్నది ఎవరి నాన్నో మనకి తెలీదు. చాలాసార్లు మన నాన్నే.

మీ ఊరి దారిలో మంచు ఎక్కడ ఎక్కువ పడుతుందో, ఏ మలుపు దగ్గర కాలవ ఉందో కింద రాయండి. ఆ దారిలో కొత్తగా పోయేవాళ్లకి పనికొస్తుంది.

జోహార్.