పెద్ద తుపాకి

తుపాకి కొనటమూ, పిల్లకు సంబంధం చూడటమూ ఒకటే అనేవారు మా నాన్నగారు. పదిచోట్ల విచారిస్తాం, పదిమందినీ అడుగుతాం. చివరకు మన కంటికి ఏది ఘనంగా కనబడితే దానికే తల వూపుతాం. ఆ మాట ఎంత నిజమో 1963లో నాకు తెలిసివచ్చింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. రంపచోడవరం ఏజెన్సీలో మాకు వెదురు కూపులు వుండేవి. ఆ దాపుల ఒక ఒంటరి అడవిదున్న పోతు మనుషుల మీదికి రావటం మొదలుపెట్టింది. దాన్ని కాల్చటానికి పర్మిటు దొరికింది. నా దగ్గర వున్నది 315 రైఫిలు. దుప్పులకూ, పందులకూ సరే గాని, టన్నుకు దగ్గరగా తూగే దున్నకు అది చాలదన్నారు.

మద్రాసు వెళ్ళాను. దుకాణదారు రెండు తుపాకులు బల్లమీద పెట్టాడు. ఒకటి 375 బోరు మాగజైను రైఫిలు. 1912లో పుట్టిన రకం. 300 గ్రెయిన్ల గుండు, అంటే తులం ముప్పాతిక కూడా వుండదు. రెండోది 470 బోరు, జంట గొట్టాలది. దాని గుండు 500 గ్రెయిన్లు. ఏదో సంస్థానం వారిదట. ఇనుము మీద లతలూ, పువ్వులూ చెక్కి వున్నాయి.

ఆ 470 వెనక ఒక కథ వుంది. 1907లో బ్రిటిషువారు మన దేశంలో 450 బోరు రైఫిళ్ళను నిషేధించారు. పాత సైనిక తుపాకులకు ఆ గుండ్లు పనికివస్తాయనీ, అవి తిరుగుబాటుదార్ల చేతుల్లో పడతాయనీ వారి భయం. దాంతో సీమలోని తుపాకుల కంపెనీలు 465, 470, 475 అంటూ ఆ పక్క కొలతలు పట్టుకున్నాయి. దుకాణదారు ఇదంతా చెబుతూంటే నాకు గొట్టాలు తప్ప మరేమీ కనబడలేదు. 470నే కొన్నాను.

ఇంటికొచ్చి గోదావరి ఇసుకలో మూడుసార్లు కాల్చాను. గుర్రం తన్నినట్టయింది. భుజమంతా నల్లగా కమిలిపోయింది. మా ఆవిడ వుప్పుకాపడం పెడుతూ, "దున్న సంగతి తర్వాత, ముందు ఇది మిమ్మల్ని వేటాడేట్టుంది" అన్నది. నవ్వేశాను. తూటాలు ఖరీదని వంక పెట్టి మళ్ళీ కాల్చలేదు. అసలు కారణం మీకు అర్థమయ్యేవుంటుంది.

నాకు అడుగుజాడలు చూపటానికి వచ్చినవాడు ఒక కొండరెడ్డి తాత. తుపాకిని చేత్తో ఎత్తి చూసి, "బరువు బానే వుంది బాబూ. మోతకి దున్న సావదండి. గుండు పడే సోటు సూసుకోవాల" అన్నాడు. ముసలివాడికి 470 సంగతి ఏం తెలుసు అనుకున్నాను.

మూడోనాడు పొద్దున్నే దున్న కనబడింది. అరవై గజాల దూరం. అడ్డంగా నిలబడి వుంది. భుజం వెనకనే గురిపెట్టాను. కాని మీట నొక్కబోయే ముందు నా కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. దున్నను చూసి కాదు, తుపాకిని చూసి. గుండు కడుపులో తగిలింది. రెండోది ఎక్కడికి పోయిందో దేవుడికెరుక. దున్న వెదురు పొదల్లోకి వెళ్ళిపోయింది.

తాత నన్నొక్క మాటా అనలేదు. "మనం మొదలెట్టింది మనమే ముగించాల బాబూ" అని నెత్తురు చుక్కల వెంట నడిచాడు. గాయపడిన దున్న జాడ తప్పి, పక్కన పొంచి వుంటుందని అతనికి తెలుసు. అయినా ముందు నడిచాడు. మర్నాడు సాయంత్రం అది పక్కనుంచే వచ్చింది. తాత నన్ను తోసేసి తాను దాని కొమ్ముల కింద పడ్డాడు. నేను నాలుగడుగుల దూరం నుంచి కాల్చాను. భయపడటానికి వ్యవధి లేదు గనుక కళ్ళు మూతపడలేదు. దున్న కూలిపోయింది.

అప్పుడు మమ్మల్ని కాపాడింది ఆ పెద్ద తుపాకేగదా అని మిత్రులు అంటూంటారు. నిజమే. కాని మమ్మల్ని నాలుగడుగుల దాకా ఈడ్చుకువచ్చిందీ అదే. మొదటి గుండే సరైన చోట పడివుంటే అక్కడితో అయిపోయేది.

తర్వాత చదివాను. చంపావత్ పులిని చంపినందుకు 1907లో కార్బెట్ గారికి బహుమతిగా ఇచ్చిన రైఫిలు 275 బోరుది. ఆఫ్రికాలో బెల్ అనే ఆయన అంత చిన్న గుండుతోనే వందలాది ఏనుగులను కొట్టాడు. ఆయనకు ఏనుగు తలలో మెదడు ఎక్కడుందో తెలుసు. నేను వాటిని చూసి, దున్నకు చిన్న తుపాకి చాలునని చెప్పటం లేదు. బలం కావలసిందే. ఎంత బలమంటే, మన భుజం భయపడకుండా మోయగలిగినంత.

470ని అమ్మేసి 375 తీసుకున్నాను. ఏడాదిపాటు ఇసుకలో కాల్చి నేర్చుకున్నాను గాని, దానితో దున్నమీద మాత్రం గురిపెట్టలేదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత తుపాకి అప్పగించేశాను. ఇప్పుడు మా మనవడు అదే అడవికి కెమేరా పట్టుకుని వెళుతున్నాడు. అందులో కూడా అన్నిటికన్నా పెద్ద అద్దమే కొన్నాడు. నేనేమీ అనలేదు.

నా భుజం మీది నలుపు వారంలో పోయింది. తాత తుంటి విరిగి మూడు నెలలు ఆసుపత్రిలో వున్నాడు. తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఎప్పుడు మా కూపుకు వచ్చినా, మనిషి కనబడకముందే ఆ కుంటి నడక చప్పుడు వినబడేది. వినగానే నేను లేచి నిలబడేవాణ్ణి.