లాజిమ్ కాదు, మనా కూడా కాదు

మా మామూ బాలానగర్‌లో ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మొదట హెల్పర్, తర్వాత వెల్డర్, చివరికి సూపర్‌వైజర్. చదువు ఉర్దూలో ఏడో జమాత్ దాకా. డ్రాయింగ్ మాత్రం అఖ్బార్ చదివినంత సులువుగా చదివేవాడు. ఇంగ్లిష్ వాక్యాల దగ్గరే ఆగిపోయేవాడు. అలా ఆగిపోయిన ఒక రోజు, ఇరవై ఏళ్ళ కింద, ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

నేనప్పుడు కొత్తగా పేపర్ డెస్కులో చేరాను. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఖాందాన్‌లో తర్జుమా పనులన్నీ నా మీదే పడేవి. రేషన్ కార్డు దర్ఖాస్తు, కోర్టు నోటీసు, దవాఖానా రిపోర్టు, అన్నీ. మామూ తెచ్చింది ప్రెషర్ వెసెల్స్ గురించిన అమెరికన్ కోడ్‌లోని ఒక టేబుల్. ఏఎస్ఎంఈ సెక్షన్ ఎనిమిది అంటారు. మన దగ్గర కూడా చాలా షెడ్లు దాని ప్రకారమే పనిచేస్తాయి.

"జరా ఆసాన్ జబాన్ మే లిఖ్ దే బేటా. వెల్డర్లు చదువుకుంటారు, గోడకి అంటిస్తా" అన్నాడు.

పది నిమిషాల్లో రాసిచ్చాను. అందులో ఒక వాక్యం ఇది: "32 మిల్లీమీటర్ల లోపు కార్బన్ స్టీల్‌కు వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ అక్కర్లేదు." మామూ చాయ్ తాగి, దువా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఏడాదిన్నర తర్వాత మళ్ళీ వచ్చాడు. చేతిలో అదే కాగితం, గోడ సున్నం అంటుకుని ఉంది.

ఒక కెమికల్ ఫ్యాక్టరీకి కాస్టిక్ సోడా వెసెల్ చేసిచ్చారట. 12 మిల్లీమీటర్ల ప్లేటు. 50 శాతం కాస్టిక్ చలికాలంలో గడ్డకడుతుంది కాబట్టి లోపల స్టీమ్ కాయిల్ పెట్టారు. ఆ స్టీమ్ లోపలికి వెళ్ళే నాజిల్ వెల్డ్ పక్కనే సన్నటి పగులు వచ్చింది. కింద నిలబడ్డ హెల్పర్ కుర్రాడి ముంజేయి కాలింది.

"నాకు అప్పుడే షక్ వచ్చింది, బేటా. దీన్ని ఫర్నేస్‌కి పంపుదాం అన్నాను. సేఠ్ గోడ మీద కాగితం చూపించాడు. నీ భాంజా రాసిందే కదా, అక్కర్లేదని, అన్నాడు."

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి మామూని కూర్చోబెట్టి అంతా మొదటి నుంచి చెప్పించుకున్నాను. వెల్డ్ చేసినప్పుడు కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. చుట్టూ ఉన్న చల్లటి ప్లేటు దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ గుంజులాట లోపలే తనావ్‌గా ఉండిపోతుంది. "తిన్నటి కీలు అయితే మంచానికి నవారు బిగించినట్టు. నాజిల్ అయితే డప్పు మీద తోలు లాగినట్టు, చుట్టూతా" అన్నాడు. ప్లేటులో గుండ్రటి రంధ్రం కోసి, అందులో గొట్టం నిలబెట్టి, చుట్టూ వెల్డ్ చేస్తారు. అది ఏ వైపుకీ ముడుచుకోలేదు. వెల్డ్ చేసిన స్టీల్‌ని నెమ్మదిగా 595 డిగ్రీలకో, ఆ పైనో తీసుకెళ్ళి, అంగుళం మందానికి గంట చొప్పున ఉంచి, నెమ్మదిగా చల్లారిస్తే ఆ బిగువు చాలావరకు సడలుతుంది. షెడ్లలో దీన్నే ఎస్ఆర్ అంటారు, స్ట్రెస్ రిలీవింగ్. దీనికి లారీ కావాలి, ఫర్నేస్ కిరాయి కావాలి, రెండు మూడు రోజులు పోతాయి. సేఠ్‌లకు అందుకే అది నచ్చదు.

ఈసారి టేబుల్‌తో పాటు దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న నోట్లు కూడా చదివాను. మామూలు కార్బన్ స్టీల్ 38 మిల్లీమీటర్లు దాటితే ఎస్ఆర్ లాజిమ్. 32 నుంచి 38 మధ్య అయితే వెల్డింగ్‌కు ముందు ప్లేటుని కనీసం 95 డిగ్రీలకు వేడిచేస్తే మాఫీ. ఇంకా మందమైన ప్లేటులో కూడా చిన్న నాజిల్‌కి ఒక రియాయత్ ఉంది. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు మించకూడదు, వెల్డ్ సైజు 13 మించకూడదు, ఆ 95 డిగ్రీల ప్రీహీట్ ఇవ్వాలి, నాజిల్ రంధ్రాల వల్ల ప్లేటు మందం పెంచాల్సి రాకూడదు. అన్నీ కుదిరితేనే.

నాజిల్ దగ్గర అసలు ఏ మందం చూడాలన్నది కూడా పెద్ద ఉల్ఝన్. గొట్టం మందమా, షెల్ మందమా, పైన వేసిన ప్యాడ్ మందమా? షెల్‌నీ ప్యాడ్‌నీ కలిపి కూడేవాళ్ళూ ఉన్నారు, సన్నటి గొట్టం చూసి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ గలత్. గొట్టం, షెల్, ప్యాడ్, ఫిల్లెట్, వీటిలో దేని అడ్డంగా వెళ్ళే వెల్డ్ ఎక్కువ మందమో అదే లెక్క.

ఇదంతా మందం హిసాబ్. మా వెసెల్ 12 మిల్లీమీటర్లే కాబట్టి ఈ హిసాబ్‌లో పాసైంది. నేను రాసిన అంకె తప్పు కాదు. తప్పంతా "అక్కర్లేదు" అన్న మాటలో ఉంది.

ఉర్దూలో లాజిమ్ నహీ అంటే ఒకటి, జరూరత్ నహీ అంటే ఇంకొకటి. మొదటిది హుకుం లేదని చెబుతుంది. రెండోది అవసరమే లేదంటుంది. తెలుగులో "తప్పనిసరి కాదు" అని రాయొచ్చు. హెడ్డింగ్ పొట్టిగా ఉండాలన్న డెస్కు అలవాటుతో నేను "అక్కర్లేదు" అని రాశాను. కోడ్ మందం ఒక్కటే చూసి హుకుం లేదంది. నేను అవసరమే లేదన్నాను. అదే కోడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ దగ్గర ఎంత ఎహ్తియాత్‌గా రాసిందో తర్వాత చూశాను: మామూలు ఆస్టెనిటిక్ రకాలకు ఎస్ఆర్ లాజిమ్ కాదు, మనా కూడా కాదు.

మరి అవసరం ఉందో లేదో ఎవరు చెప్పాలి? దానికీ కోడ్‌లో జవాబుంది. లోపల నిండే సరుకుని బట్టి ఎస్ఆర్ కావాలా అన్నది వెసెల్ కొనేవాడు తేల్చి చెప్పాలి. పీలిస్తే ప్రాణం తీసే జహర్ లాంటి సరుకైతే మాత్రం, కార్బన్ స్టీల్ ఎంత పల్చగా ఉన్నా కోడే లాజిమ్ చేసింది. కాస్టిక్ ఆ జాబితాలోకి రాదు. కానీ వేడి కాస్టిక్, బిగుసుకున్న వెల్డ్ ఒకచోట కలిస్తే స్టీల్ చీలుతుంది. 50 శాతం కాస్టిక్‌కి దాదాపు 50 డిగ్రీల దగ్గరే ఆ ఖత్రా మొదలవుతుంది. వెసెల్ అంతా చల్లగానే ఉంది, స్టీమ్ దూరే ఆ ఒక్క నాజిల్ తప్ప. ఆర్డరు కాగితంలో సరుకు అన్న గడి ఖాళీగా వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు నింపలేదు, షెడ్డు వాళ్ళు అడగలేదు.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం రోమియోవిల్ రిఫైనరీలో ఇదే గఫ్లత్ పెద్ద ఎత్తున జరిగింది. గ్యాసు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని తీసేసే టవర్ అది, 25 మిల్లీమీటర్ల స్టీల్. 1974లో షెల్ వరస ఒకటి మార్చి అక్కడే వెల్డ్ చేశారు, ఎస్ఆర్ చేయలేదు. మందం లెక్కన లాజిమ్ కాదు. గట్టిపడిన వెల్డ్ అంచుల్లోకి హైడ్రోజన్ చేరి పగుళ్ళు పుట్టాయి. 1984 జూలై 23న టవర్ తెగి పేలింది. 17 మంది పోయారు.

మర్నాడు కొత్త కాగితం రాశాం. మామూ చెబుతుంటే నేను రాశాను. మొదటి సవాల్ మందం కాదు. లోపల ఏం నింపుతారు, ఎంత వేడిలో? గడి ఖాళీగా ఉంటే పని మొదలుపెట్టకు, ఫోన్ చెయ్యి. రెండోది, ఏ స్టీల్? మూడోది, నాజిల్ దగ్గర ఏ మందం ఎక్కువ? ఎస్ఆర్ చేయాల్సి వస్తే వెల్డింగ్ అంతా ముగిశాకే ఫర్నేస్, ఫర్నేస్ తర్వాతే నీళ్ళ పరీక్ష. ప్యాడ్‌కున్న చిన్న రంధ్రం తెరిచే ఉంచు, లోపలి గాలి వేడికి ఉబ్బుతుంది. "అక్కర్లేదు" అన్న మాట ఎక్కడా లేదు. "మందం లెక్కన తప్పనిసరి కాదు, సరుకు సంగతి అడుగు" అని ఉంది. మామూ రెండుసార్లు చదివించుకుని, "అబ్ ఠీక్ హై" అన్నాడు.

ఆ కుర్రాడు మళ్ళీ పనిలోకొచ్చాడు. ఒకసారి షెడ్డుకి వెళ్ళినప్పుడు నాకు చాయ్ తెచ్చిచ్చాడు. ముంజేతి మీద చర్మం ముడతపడి మెరుస్తోంది. గోడ మీద కాగితం రాసింది నేనేనని అతనికి తెలుసో లేదో. నేను చెప్పలేదు. ఇవాళ్టికీ డెస్కులో సబ్ ఎడిటర్ ఎవరైనా "అక్కర్లేదు" అని రాస్తే కాపీ ఆపి అడుగుతాను: లాజిమ్ కాదనా, అవసరమే లేదనా?