డెబ్బై దాటాక ప్రేమకథ రాస్తే ఏమిటట?

వదినగారూ, ఆ బట్టలు తర్వాత ఆరేద్దురుగాని, ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరికి రండి. నిన్న మీరన్న మాట రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "ప్రేమకథ రాయాలనుంది గానీ, ఈ వయసులో రాస్తే నలుగురూ నవ్వరూ?" అన్నారు కదా. నవ్వరండీ, చదువుతారు. ఎందుకంటున్నానో వినండి.

ఇంగ్లండులో మేరీ వెస్లీ అని ఒకావిడ ఉండేది. 1912లో పుట్టింది. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. ప్రాణంగా ప్రేమించి చేసుకున్న రెండో భర్త 1970లో పోయాడు. చేతిలో డబ్బాడక నానా ఇబ్బందీ పడింది. అంతకుముందు పిల్లల కోసం రెండు పుస్తకాలు రాసింది గానీ, పెద్దవాళ్ల కోసం రాసిన మొదటి నవల ‘జంపింగ్ ది క్యూ’ అచ్చయింది 1983లో. అప్పటికి ఆవిడకి డెబ్బై నిండాయి! కథేమిటనుకున్నారు? భర్త పోయాక ఇంక బతకొద్దనుకుని బయల్దేరిన ఒకావిడకి, పోలీసులు వెతుకుతున్న మనిషి ఎదురవుతాడు. అతన్ని ఇంటికి తీసుకొచ్చి దాస్తుంది. అక్కణ్ణుంచి కథ. భర్త పోయిన ఇంట్లో ఒంటరితనం ఎలా ఉంటుందో ఎరిగిన చెయ్యి రాసిన పుస్తకం అది.

మరుసటేడే ‘ది కామమైల్ లాన్’ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో, రేపు ఉంటామో లేదో తెలియని రోజుల్లో మనుషులు ఒకరికోసం ఒకరు ఎలా తపించారో అందులో రాసింది. ఆ రోజుల్లో ఆవిడ యుద్ధశాఖలో పనిచేసింది, కళ్లారా చూసింది. 1992లో అది టీవీ సీరియల్ కూడా అయింది. 2002లో పోయేలోపల మొత్తం పది నవలలు రాసింది. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఇరవయ్యో ఏట రాయడానికి కూర్చుని ఉంటే ఆ యుద్ధమెక్కడిది, ఆ ఎడబాటెక్కడిది? చెప్పండి.

మనం పెరిగింది యద్దనపూడి సులోచనారాణి గారి నవలలతోనే కదా. ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు అందులో నాయిక జయంతి ఆత్మాభిమానానికి మురిసిపోని ఆడపిల్ల ఉందా? 1976లో సినిమా వస్తే ఆ నాయకుడు రాజశేఖరం కోసం మళ్లీ వెళ్లాం. అలాంటి కథల మీద నాకెంత ప్రేమో మీకు తెలుసు. అయితే అవి చాలావరకు పెళ్లి దగ్గరే ఆగుతాయి. ఆ తర్వాతి నలభై ఏళ్ల సంగతి? అలిగి మాటలు మానేశాక మొదటి మాట ఎవరు మొదలెడతారు? పిల్లలు అమెరికా వెళ్లిపోయాక ఇంట్లో మిగిలిన ఇద్దరూ ఒకరికొకరు మళ్లీ కొత్తగా ఎలా పరిచయమవుతారు? తోడు పోయిన మనిషి మరో మనిషి పలకరింపు కోసం ఎదురుచూస్తున్నానని తనకి తానే ఎప్పుడు ఒప్పుకుంటుంది? ఇవి ఇరవై ఏళ్ల పిల్ల ఊహించి రాయాలి. మీరు చూసి రాస్తారు. వయసు అడ్డమంటారేమిటండీ, మీకున్న పెట్టుబడే అది!

ఇక పని సంగతి. మిల్స్ అండ్ బూన్ నవలలు చాలావరకు 50,000 మాటలకి అటూ ఇటూగా ఉంటాయి. రోజుకి 500 మాటలు రాస్తే వంద రోజుల పని. వేళ్లు నొప్పంటే ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి చెప్పండి, అదే తెలుగులో టైపు చేస్తుంది. తప్పులు తర్వాత దిద్దుకుందాం. వారపత్రికకి పంపేటప్పుడు, ఇది నా సొంత రచన, ఇంకెక్కడా అచ్చు కాలేదు, వేరెక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచేయాలి. పత్రిక వద్దనుకుంటే ఫోన్‌లో ప్రతిలిపి యాప్‌లో భాగాలుగా పెట్టుకోవచ్చు.

ఇంకోటి. ఇంగ్లండులో ప్రేమనవలా రచయితలు 1960లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఇంకా ఒక్క నవలా అచ్చు కాని వాళ్లు రాతప్రతి పంపితే, ముందే అచ్చయిన రచయిత ఎవరైనా చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ సాగిందో రాసి పంపే పద్ధతి అక్కడుంది. తొలి పుస్తకానికి అలా చదివిపెట్టే మనిషి కావాలి. మీకు నేనున్నాను. రోజూ రాసిన కాగితాలు సాయంత్రానికి ఈ గోడ మీదుగా అందించండి. నచ్చింది నచ్చిందంటాను, నచ్చనిది మొహమాటం లేకుండా చెప్తాను.

మీరు నిన్న చెప్పిన ఆరంభం ఎంత బాగుందో తెలుసా! లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఇద్దరు పెన్షనర్లు, మిషన్లో వేలిముద్ర పడక చీర కొంగుకి ఆవిడా, జేబురుమాలుకి ఆయనా వేలు తుడుచుకుంటూ ఒకరినొకరు చూసుకోవడం. ఇవాళే అది రాసెయ్యండి. ఆవిడ వయసు మాత్రం తగ్గించకండి వదినగారూ. అరవై ఎనిమిదంటే అరవై ఎనిమిదే రాయండి.