సున్నపు తేట

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ గృహప్రవేశాలకి వెళ్తే చూపించేవి దాదాపు ఒకటే: పూజగది, హోం థియేటరు, కుండీలో కరివేపాకు మొక్క. మా ఇంట్లో వీటితోపాటు గోడవారగా ఒక చిన్న సముద్రం కూడా ఉంది. 90 గ్యాలన్లు, అంటే సుమారు 340 లీటర్లు. వచ్చినవాళ్ళు గోదావరి జిల్లావాళ్ళయితే ఒక ప్రశ్న తప్పదు. "ఇవి పులుసుకి పనికొస్తాయాండీ?"

పనికిరావు. ఉన్నవి రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపుపచ్చ టాంగు, కాసిని నత్తలు. "మరి మిగతావన్నీ మొక్కలా?" అంటారు. మొక్కలు కావు, పగడాలు. అవీ జంతువులే. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. పగటి వెలుతురులో ఆ నాచు వండినదే పగడానికి ముఖ్యమైన తిండి. నీళ్ళు మరీ వేడెక్కినా, మరీ చల్లబడినా ఆ కాపురం చెడుతుంది. పగడం నాచుని బయటికి గెంటేసి, తెల్లగా పాలిపోతుంది. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకదు.

దీన్ని 2016లో మొదలుపెట్టాను. మొదటి ఆరు వారాలూ అందులో నీళ్ళూ రాళ్ళూ తప్ప ఏమీ లేవు. కుళాయి నీళ్ళలో కలిపే క్లోరమిన్ పోయేలా వడగట్టి, లీటరుకి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపాలి. మా తొట్టికి అది సుమారు 12 కిలోలు. ఆ తర్వాత అమోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ళమీద స్థిరపడేదాకా ఆగాలి. "ఉత్త నీళ్ళకి ఇంత కరెంటు బిల్లు కడుతున్నారు, మీరైనా చెప్పండి మావయ్యగారూ" అని మా ఆవిడ ఫోన్లో నాన్నగారికి ఫిర్యాదు చేసింది. ఆయన తాపీగా, "నీళ్ళు రంగు కట్టకుండా సీడు ఎవడొదుల్తాడమ్మా?" అన్నారట.

నేను తెల్లబోయాను. మా ఇంట్లో ఆ భాష వినపడి ఇరవయ్యేళ్ళు దాటింది.

మాది భీమవరం దగ్గర ఉప్పుటేరు వారనున్న పల్లె. 1990ల మొదట్లో టైగర్ రొయ్య బంగారమని చెప్పి వరిచేలు చెరువులయ్యాయి. నాన్నగారూ నాలుగెకరాలు తవ్వించారు. రొయ్యపిల్లని వదిలేముందు నీళ్ళు పెట్టి, అవి పచ్చగా రంగు తిరిగేదాకా ఆగేవారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. ఒకరి చెరువులో జబ్బు నీళ్ళు కాలవలోకి, ఆ కాలవ నీళ్ళు పక్కవాడి చెరువులోకి. వారం తిరక్కుండా చెరువులు ఖాళీ. అప్పులకి రెండెకరాలు పోయాయి. నాకప్పుడు పదిహేనేళ్ళు. "నువ్వు చెరువు గట్టు ఎక్కకు. చదువుకుని గట్టెక్కు" అన్నారు. ఆ తర్వాత ఆయన నోట రొయ్య మాట నేను వినలేదు. నేను ఇంజనీరింగూ, ఇక్కడికొచ్చి కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్సూ చేసి, ఎవరెవరి సర్వర్లో పడిపోకుండా కాపలా కాసే ఉద్యోగంలో స్థిరపడ్డాను.

2018 వేసవిలో అమ్మా నాన్నగారూ వచ్చారు. పగడం తన గూడు కట్టుకోడానికి కావలసిన కాల్షియం, కార్బొనేటు నీళ్ళలోంచే తీసుకుంటుంది. తీసుకున్నది మనం తిరిగి పెట్టాలి. అదికాక రోజూ ఒక గ్యాలన్ దాకా నీళ్ళు ఆవిరైపోతాయి. ఉప్పు ఆవిరవదు కనక ఆ లోటు మంచినీళ్ళతోనే పూడ్చాలి. ఆ మంచినీళ్ళలో కాల్క్‌వాసర్ అనే పొడి కలిపి, రాత్రిపూట చుక్కచుక్కగా వదులుతాను. నాన్నగారు డబ్బా మూత తీసి, చిటికెడు తడిచేసి వేళ్ళతో రాసి చూశారు.

"ఒరేయ్, ఇది సున్నంరా! కిళ్ళీకొట్లో సున్నానికి ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముతున్నారా?"

ఇంగ్లీషు కాదు, జర్మన్. కాల్క్ అంటే సున్నం, వాసర్ అంటే నీళ్ళు. అచ్చంగా మన సున్నపు తేటే. రాత్రే ఎందుకు వదలాలో కూడా ఆయనే చెప్పారు. చీకట్లో నాచు ఆక్సిజన్ తయారుచెయ్యదు, వాడుకుంటుంది. బొగ్గుపులుసు గాలి పెరిగి పి.హెచ్. పడిపోతుంది. "అందుకే తెల్లారుజామున మూడింటికి రొయ్య పైకి తేలేది..." అని మొదలుపెట్టి, మాట అక్కడే ఆపేసి కాఫీకి లేచారు. నేనూ రెట్టించలేదు.

2021 ఫిబ్రవరి 15న టెక్సస్‌లో మంచు తుఫాను మధ్య, గ్రిడ్డు కుప్పకూలకుండా లక్షల ఇళ్ళకి కరెంటు ఆపేశారు. మర్నాడు పొద్దున డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. మా ఇంట్లో 31 గంటలు కరెంటు లేదు. ఈ తొట్టికి కరెంటంటే వెచ్చదనం ఒక్కటే కాదు, ఊపిరి కూడా. నీళ్ళు కదలకపోతే ఆక్సిజన్ అందదు. బ్యాటరీ మీద నడిచే గాలి పంపు రాత్రి ఒంటిగంటకి ఆగిపోయింది. భీమవరంలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. నాన్నగారికి ఫోన్ చేశాను.

"చెంబు తీసుకో. ముంచి, మూరెడు ఎత్తునుంచి మళ్ళీ అందులోనే పొయ్యి. పైనీళ్ళు విరగాలి. ఆపకు" అన్నారు.

అదృష్టవశాత్తూ మాది గ్యాసు పొయ్యి. మా ఆవిడ అగ్గిపుల్లతో వెలిగించి, వేన్నీళ్ళు సీసాల్లో పోసి మూతలు బిగించి ఇస్తుంటే తొట్టిలో తేలేశాం. నేనూ మా అమ్మాయీ వంతులవారీగా చెంబు పట్టాం. ఫోను స్పీకర్లో ఉంది. "ఇప్పుడెంత?" అని అటునుంచి అడుగుతూనే ఉన్నారు. 26 నుంచి 22, తర్వాత 20. మధ్యలో, ఎవరూ అడక్కుండానే, ఆ ఏడు సంగతి చెప్పారు.

"ఆ రాత్రీ కరెంటు లేదురా. డీజిల్ ఇంజను మొండికేసింది. నేనూ పాలేరూ చెరువులో దిగి తెల్లారేదాకా చేతుల్తో నీళ్ళు కొట్టాం. గాలి అందక తేలుతున్నాయనుకున్నాం. జబ్బని తెలీదు. తెల్లారి చూస్తే గట్టు వారంతా ఎర్రగా..."

కాసేపు చెంబు చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆయనే అన్నారు. "రొయ్యని మనం పెంచం. నీళ్ళని పెంచుతాం, నీళ్ళు రొయ్యని పెంచుతాయి. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి నీళ్ళు చెయ్యిస్తాయి. అది చేసినవాడి తప్పు కాదు."

పాతికేళ్ళపాటు ఆయన ఎవరితోనూ ఈ మాట అన్నట్టు లేదు. అమ్మ కూడా అప్పుడే విందట.

నీళ్ళు 19 డిగ్రీల దగ్గర నిలిచాయి. చేపలన్నీ బతికాయి. మెత్తటి పగడాలు ముడుచుకుపోయి, వారానికి మళ్ళీ విప్పుకున్నాయి. రెండు కొమ్ముల పగడాలు మాత్రం తెల్లబడి చచ్చిపోయాయి. వాటిలో నీలంది నాలుగేళ్ళు పెంచినది.

అది మళ్ళీ మా ఇంటికొచ్చింది. పగడాన్ని చిన్న ముక్క విరిచి రాయికి జిగురుతో అంటిస్తే కొత్తది పెరుగుతుంది. అందుకని తోడు పెరుగు ఇచ్చిపుచ్చుకున్నట్టు మేం ముక్కలు పంచుకుంటాం. తుఫానులో కరెంటు పోని స్నేహితుడొకాయన, నేనిచ్చిన తోడులోంచే అంగుళం ముక్క తిరిగిచ్చారు. ఇది విని హైదరాబాదులో మా బావమరిది తనకీ ఓ ముక్క తెమ్మంటాడు. అక్కడ కుదరదు. ఇండియాలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులితోపాటు ఉన్నాయి.

నాన్నగారు ఇప్పుడు ఫోన్ చేస్తే ఉద్యోగం సంగతి తర్వాత అడుగుతారు. ముందు నీళ్ళ సంగతి. మొన్న ఆల్కలినిటీ 8.4 అన్నాను. మీ డిగ్రీలు నాకు అర్థం కావు, మా లెక్కలో చెప్పమన్నారు. 150 పి.పి.ఎం.

"బావుంది. తేట ఆపకు" అన్నారు.