ఒక సైజు పెద్దది ఇవ్వండి!

మా ఇంట్లో మూడు తరాలుగా ఏ షాపుకెళ్లినా చెప్పే మాట ఒకటుంది. 'ఒక సైజు పెద్దది ఇవ్వండి, పెరిగే వయసు కదా!' ఆరో తరగతిలో నాకు కొన్న బూట్లు ఎనిమిదో తరగతికి సరిపోయాయి. మధ్యలో రెండేళ్లూ ముందు భాగంలో దూది కుక్కుకుని నడిచాను. తీరా కాలికి పట్టే సమయానికి వాటి అడుగు ఊడిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

అలా పెరిగిన నేను పోయినేడాది మా పాపకి స్కేట్‌బోర్డు కొన్నాను.

పాపకి పదేళ్లు. టోక్యో ఒలింపిక్స్ పాత వీడియో ఒకటి ఎక్కడ దొరికిందో ఏమో, రోజుకి నాలుగుసార్లు చూసేది. "నాన్నా, ఈ అక్కకి పన్నెండేళ్లేనట!" అని నాకూ చూపించింది. నిజమే. 2021లో జరిగిన ఆ పోటీలతోనే స్కేట్‌బోర్డింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. పార్క్ విభాగంలో రజతం గెలిచిన జపాన్ పిల్ల కొకొనా హిరాకికి అప్పటికి 12 ఏళ్లు. కాంస్యం గెలిచిన బ్రిటన్ అమ్మాయి స్కై బ్రౌన్‌కి 13. పార్క్ అంటే మన కేబీఆర్ పార్కులాంటిదేమో, చెట్ల మధ్య తిరుగుతారు కాబోలు అనుకున్నాను. కాదట. నీళ్లు లేని ఈతకొలనులా సిమెంటుతో కట్టిన పెద్ద గిన్నె. దాని గోడల మీదికి బోర్డుతో సహా ఎక్కి, గాల్లోకి లేచి, మళ్లీ గోడ మీదే దిగాలి. చూస్తుంటే నాకే కళ్లు తిరిగాయి. మా ఆవిడ మాత్రం ఒక్కటే అంది: "కొనేదేదో తెలుసుకుని కొనండి."

తెలుసుకోవాలంటే మనకి డెన్వర్‌లో బావ ఉన్నాడు కదా! మేనత్త కొడుకు. ఇరవై ఏళ్లుగా అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల అబ్బాయి బోర్డు పట్టుకుని దిగిన ఫొటోలు ప్రతి చలికాలం ఫ్యామిలీ గ్రూపులో వస్తుంటాయి. ఫోన్ చేసి "పిల్లకి పార్కులో ఆడే బోర్డు కొనాలి బావా, ఎంత సైజు తీసుకోవాలి?" అనడిగాను. బావ వెంటనే అందుకున్నాడు. "నిలబెడితే గడ్డం దాకా రావాలిరా. మామూలుగా అయితే ముక్కు దాకా ఉన్నా ఫర్వాలేదు. పార్కులో గిరగిరా తిరగాలి కాబట్టి కాస్త పొట్టిదే మంచిది. రెండు కొసలూ ఒకేలా ఉండాలి, మరీ బిర్రుగా ఉండకూడదు. అసలైతే ఎత్తు కంటే బరువు చూడాలి. బూటు పొడవు కూడా చూసుకో, మడమ బయటికొస్తే మంచులో రాసుకుపోతుంది."

ఆఖర్లో 'మంచు' అన్నాడు. నేను విన్లేదు. 'గడ్డం దాకా' అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఎంత పొడుగ్గా ఉంటే అంత లాభం కదా!

ఆయన చెప్పింది స్నోబోర్డు గురించి. చక్రాలుండవు, మంచు మీద జారేది. వాళ్ల కొలరాడోలో మంచుకొండల మీద కూడా దిబ్బలు, రెయిలింగులు పెట్టి పార్కులు కడతారట. దానికైతే ఆయన చెప్పిన కొలతల్లో వంక పెట్టడానికేం లేదు. సరదా ఏమిటంటే, ఆ స్నోబోర్డు పుట్టిందే ఒక తండ్రి చేతుల్లో. 1965 క్రిస్మస్ నాడు అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ల ఆట కోసం రెండు స్కీలు కలిపి బిగించి ఇచ్చాడు. పిల్లలు దాని మీద నిలబడి జారారు. దాన్నే తర్వాత 'స్నర్ఫర్' పేరుతో అమ్మారు. ఆ స్నర్ఫర్ ఎక్కి పెరిగిన జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో పెట్టిన కంపెనీయే ఇప్పుడు స్నోబోర్డుల్లో అందరూ చెప్పుకునే బర్టన్. పాపెన్ గారు పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని చేశాడు. నేను ఫోన్లో కొలత తీసుకున్నాను. తేడా అక్కడే ఉంది.

జూబ్లీహిల్స్‌లో ఓ పెద్ద అద్దాల షాపుకి వెళ్లాం. గోడ నిండా బోర్డులు. పాప 'సాంటా క్రూజ్', 'పావెల్ పెరాల్టా', 'ఎలిమెంట్' అంటూ హీరోల పేర్లు చదివినట్టు చదువుతోంది. నేను మాత్రం ఒక్కోదాన్నీ నిలబెట్టి పాప గడ్డం దాకా వస్తుందా లేదా అని చూస్తున్నాను. అన్నీ నడుము దగ్గరే ఆగిపోతున్నాయి. షాపు కుర్రాడు నా బాధ చూడలేక లోపల్నుంచి ఒకటి తెచ్చాడు. మూడున్నర అడుగుల పొడవు. పెద్ద పెద్ద చక్రాలు. పైన ఎగిరే డేగ బొమ్మ. "కాలేజీ దాకా పనికొస్తుంది సార్" అన్నాడు. ఆ మాటకి నేను పడిపోయాను. 9 వేలు. పాప దాన్ని రెండు చేతులతో ఎత్తి, మళ్లీ కింద పెట్టేసింది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది.

ఫిల్మ్‌నగర్‌లో మేముండే వీధి ఎలా ఉంటుందో ఈ ప్రాంతం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రాళ్లగుట్టల మీద కట్టిన ఊరిది. ఆటో ఎక్కాలన్నా ఫస్ట్ గేరు వేయాల్సిందే. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే, షూటింగ్ వ్యాన్లేవీ లేని సమయం చూసి, పాపని బోర్డు ఎక్కించి చెయ్యి పట్టుకుని నడిపించాను. నాలుగడుగులు బాగానే వెళ్లింది. "వదిలెయ్ నాన్నా" అంది. వదిలేశాను.

బోర్డు ఆగలేదు. తిప్పుదామని పాప ఒక పక్కకి వాలింది. అది కదల్లేదు. వాటర్ ట్యాంకర్ ఆగి ఉన్నచోటికి ఇంకా పది గజాలుందనగా తనే దూకేసింది. రెండు చేతులూ ముందుకి చాపి పడింది. ఎడమ మణికట్టు దగ్గర ఎముక చిట్లిందన్నారు. మూడు వారాలు కట్టు. పిల్లలు పడేటప్పుడు చేతులు ముందుకి చాపడం సహజమని, అందుకే మణికట్టే ఎక్కువగా దెబ్బతింటుందని డాక్టరు చెప్పారు. మణికట్టుకి కట్టే గార్డులు కొనలేదా అని కూడా అడిగారు. డేగ బొమ్మకి 9 వేలు పెట్టిన నాకు వాటి సంగతి గుర్తే లేదు.

ఇంటికొచ్చాక పాప ఏడవలేదు. రాత్రి పడుకునే ముందు మాత్రం అడిగింది: "నాన్నా, నాకు చేతకాక పడ్డానా?"

నేను జవాబు చెప్పలేదు. నాకూ తెలీదు మరి.

చెప్పినవాడు మా కింది పోర్షన్ బాబాయ్. మా సొంత బాబాయ్ కాదు. వీధిలో అందరం అలాగే పిలుస్తాం. భీమవరం దగ్గర పల్లెటూరు. తొంభైల్లో కుర్రాడిగా ఇక్కడికొచ్చి ట్రాక్ అండ్ ట్రాలీ యూనిట్లో చేరాడు. కెమెరాని పట్టాల మీద తోసే బండి ఉంటుంది చూశారా, అదే ఆయన జీవితం. పాపని చూడ్డానికొచ్చి, మూలనున్న బోర్డుని తిరగేసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక చక్రాన్ని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గోరుతో నొక్కాడు.

"మా ట్రాలీకి బ్రహ్మాండంగా ఉంటుంది సార్ ఇది. పాపకెందుకు కొన్నారు?"

చాలా ట్రాలీలకి స్కేట్‌బోర్డు చక్రాలే బిగిస్తారన్న సంగతి ఆరోజే తెలిసింది నాకు. మెత్తటి చక్రం కుదుపుని మింగేస్తుంది, అందుకే కెమెరా వణకదు. అదే మెత్తటి పెద్ద చక్రం గతుకుల రోడ్డు మీద కూడా ఆగకుండా దొర్లుతుంది. "గతుకులుంటేనన్నా ఆగుద్దనుకున్నారు మీరు. ఇది ఆగదండీ" అన్నాడు. ఈ చక్రాల చరిత్ర తర్వాత చదివాను. పూర్వం స్కేట్‌బోర్డులకి ఇనప చక్రాలు, మట్టి చక్రాలు ఉండేవి. చిన్న రాయి తగిలినా మనిషి ఎగిరిపడేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే అమెరికా కుర్రాడు పాలీయూరిథేన్ చక్రాలు తెచ్చాకే ఈ ఆట నిలబడింది. ఆ చక్రాలే మా బాబాయ్‌కి అన్నం పెడుతున్నాయి.

కట్టు విప్పాక, నగరం పడమటి అంచున ఉన్న ఒక స్కేట్‌పార్కుకి పాపని తీసుకెళ్లాను. అక్కడ నేర్పే కుర్రాడికి పాతికేళ్లుంటాయి. మా బోర్డుని చూసి నవ్వలేదు, అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. పాప బూట్లు విప్పించి పాదం చూశాడు. ఎత్తు అడగనే లేదు! స్కేట్‌బోర్డుకి ముందు చూడాల్సింది వెడల్పట. పాదం అడ్డంగా నిలబడుతుంది కాబట్టి, వేళ్లతో ఒక అంచునీ మడమతో రెండో అంచునీ నొక్కగలగాలి. అప్పుడే బోర్డు వాలుతుంది, వాలితేనే తిరుగుతుంది. పెద్దవాళ్లు పార్కులో 8 నుంచి 8.5 అంగుళాల వెడల్పువి వాడతారు. పాపకి 7.5 చాలన్నాడు. మాది 9 అంగుళాల పైమాటే. చిన్ని పాదం దాని నడిమధ్యలో ఉండిపోయింది. ఎంత వాలినా అంచు మీద బరువే పడలేదు. పైగా రెండు కొసలూ చదునుగా ఉన్నాయి. పార్కు బోర్డుకి కొసలు పైకి లేచి ఉండాలి. కాలితో తోక నొక్కి ముందు భాగం ఎత్తడం దగ్గరే మొదటి పాఠం మొదలవుతుంది. నేను కొన్నదాన్ని లాంగ్‌బోర్డు అంటారు. ఖాళీ రోడ్ల మీద దూరాలు పోవడానికి మంచిదే, పార్కుకి మాత్రం పనికిరాదు.

మరి బ్రాండు? ఆ కుర్రాడు చెప్పింది నాకు నచ్చింది. చెక్క మీద బొమ్మ నెల తిరక్కుండా గీరుకుపోతుంది, దానికోసం డబ్బు పెట్టొద్దన్నాడు. చెక్క ఏడు పొరల మేపుల్‌ది అయితే చాలు. పెద్ద కంపెనీలవీ చాలావరకు అంతే. కిందున్న ఇరుసులు (వీటిని ట్రక్కులంటారు) ప్లాస్టిక్‌వి కాకుండా లోహంవి ఉండాలి, చెక్క వెడల్పుకి సరిపోవాలి. చక్రం 52 మిల్లీమీటర్లు, గట్టిదనం 99ఏ. నున్నటి సిమెంటు మీద గట్టి చక్రమే మాట వింటుందట. మాదానికున్నది 78ఏ. బేరింగులు 608 నంబరువి, చిన్న చిన్న మోటార్లలో కూడా వాడేవే. పేరున్న కంపెనీ డబ్బులు ఎక్కడైనా పెట్టాలనుకుంటే ట్రక్కులకీ చక్రాలకీ పెట్టమన్నాడు. మన సినిమాల్లోనూ అంతేగా అనబోయి ఊరుకున్నాను. మా వీధిలో ఎవరైనా వింటే బాగోదు.

అన్నీ విడివిడిగా కొని ఆ కుర్రాడి చేతే బిగించుకున్నాం. పాప దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చంకలో పెట్టుకుంది. ఏడాదిన్నరలో పాదం పెరిగితే చెక్క మార్చాలట. మార్చుకుందాం. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు అన్నీ సరిగ్గా ఆమె సైజువే కొన్నాను. వదులుగా ఉన్న గార్డు పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే.

మొదటిసారి బోర్డు ఆమె మాట విని ఎడమకి తిరిగినప్పుడు పాప నావైపు చూసింది. ఆ రాత్రి నేను చెప్పలేకపోయిన జవాబు అప్పుడు చెప్పాను. "ఆరోజు నీ తప్పేం లేదురా, నాన్న సైజు తప్పు కొన్నాడు." "నాకు తెలుసులే" అని మళ్లీ వెళ్లిపోయింది.

మొన్న బావ ఫోన్ చేసి "గుల్‌మార్గ్ వెళ్లొచ్చారా, మంచు బాగుందా?" అనడిగాడు. ఏడాదిగా మేం కశ్మీర్ ట్రిప్పుకి తయారవుతున్నామనే అనుకుంటున్నాడు పాపం.

ఇక డేగ బొమ్మ బోర్డు బాబాయ్ దగ్గరికి చేరింది. దాని మీద ఇసుక సంచీ పెట్టి, పైన కెమెరా బిగించి, ఆస్పత్రి వరండా సీనులో నేలకి జానెడెత్తున షాటు తీశారట. అస్సలు వణకలేదని డైరెక్టరు మెచ్చుకున్నాడని చెప్పడానికి రాత్రి పదింటికి తలుపు కొట్టాడు. పాప నిద్ర కళ్లతోనే లేచొచ్చి అంతా విని, "మరి దానికి రోజుకి అద్దె ఎంతిస్తారు తాతా?" అనడిగింది.