తొలి పిలుపు ఎవరికి?

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయనిదే మన తెలుగువారికి సంవత్సరము ప్రారంభమైనట్లు తోచదు. రాశికింత ఆదాయము, ఇంత వ్యయము, ఇంత రాజపూజ్యము, ఇంత అవమానము అని పురోహితుడు అంకెలు చదువుచుండగా, నమ్మువారును నమ్మనివారును ఒక్కరీతిగనే చెవియొగ్గి విందురు. గోదావరీ ప్రాంతమున సంక్రాంతి పండుగకు, చట్టము నిషేధించినను, కోడిపందెములు మానలేనివారు కుక్కుటశాస్త్రమును తిరుగవేసి, ఏ దినమున డేగ గెలుచును, ఏ దినమున కాకి గెలుచును, ఎప్పుడు నెమలి గెలుచును అని వాదులాడుకొందురు. రాబోవుదానిని ముందుగా చెప్పవలెనను కుతూహలము మనకు పుట్టుకతో వచ్చినది. ఆ కుతూహలము నేటి కాలమున ధరించిన ఒక క్రొత్త వేషమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము ముప్పదియైదు సంవత్సరములు గుమాస్తాగిరి చేసి, 2017 నాటికి విశ్రాంతి పొందినవారము. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగినది. మా నివాసము బెంగుళూరు కాటన్‌పేట. కన్నడిగులు దీనిని అరళెపేట అందురు. అరళె యనగా దూది. తవక్కల్ మస్తాన్ దర్గా ఇచ్చటనే యున్నది. చైత్రపూర్ణిమ రాత్రి ధర్మరాయస్వామి ఆలయమునుండి బయలుదేరు కరగము ఈ దర్గాకు వచ్చి పోవుట ఆచారము. ఒకే వీధిలో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ వినవచ్చును. ఇట్టి పేటలో సాయంకాలము కాఫీకి చేరు పదిమంది వృద్ధులము ఒక చిన్న కూటమిగా ఏర్పడితిమి. మా వ్యాపకము ఇండియన్ ప్రీమియర్ లీగ్ వారి క్రికెట్ వేలములో ఏ ఆటగానిని ఏ జట్టు కొనునో ముందుగా ఊహించి వ్రాసికొనుట. పందెమనగా అందరికంటె తక్కువగా ఊహించినవాడు మిగిలినవారికి కాఫీ యిప్పించుట మాత్రమే. ధనము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టముచే నిషేధించినది. మా కాఫీకి ఆ చట్టము వర్తింపదని నమ్ముచున్నాము.

కూటమిలో మేము ఊహలు చెప్పము. లెక్కపుస్తకము మా వశమున నుండును. వ్రాయువాడును పందెము కట్టువాడును ఒక్కడే కారాదని కార్యాలయమున నేర్చినాము.

ఈ సంగతి అమెరికాలో, డల్లాస్ నగర సమీపమున నున్న మా జ్యేష్ఠ కుమారునితో చెప్పగా, అతడు నవ్వి, "ఇక్కడ మా ఆఫీసులో ప్రతి ఏప్రిల్‌లోనూ ఇదే పని నాన్నగారూ" అనెను. అచ్చట ఫుట్‌బాల్ అనబడు ఆటలో కాలు పనికంటె చేతిపనియే అధికము. కళాశాలలలో ఆడిన యువకులను వృత్తి జట్లు వంతులవారీగా ఎన్నుకొనుటకు ఒక సభ జరుగును. 1935లో ఫిలడెల్ఫియా జట్టునకు చెందిన బర్ట్ బెల్ అను నతడు ఈ ఏర్పాటును ప్రతిపాదింపగా, 1936లో మొదటి ఎంపిక జరిగినది. గత సంవత్సరము అందరికంటె హీనముగా ఆడిన జట్టునకు మొదటి వంతు. విజేతకు చివరి వంతు. నేడు 32 జట్లు, ఏడు ఆవృత్తులు. మొదటి ఆవృత్తిలో ఎవరి పేరు ఎన్నవదిగా పిలువబడునో ముందే జాబితా వ్రాసి ప్రకటించుట అచ్చటి పత్రికలవారికి ఒక పెద్ద వృత్తి. ఓడినవానికి ముందు వడ్డించవలెనను ఆ నియమము మాకు మిక్కిలి నచ్చినది. మన వేలములో వంతులు లేవు; అన్ని జట్లకును ఒకే ధనపరిమితి యుండుటయే సమానత్వము.

2022 ఫిబ్రవరి 12, 13 తేదీలలో మా బెంగుళూరు నగరముననే జరిగిన వేలమును ఉదాహరణముగా తీసికొందము. అప్పుడు పది జట్లు. జట్టునకు 90 కోట్ల రూపాయల పరిమితి. జట్టులో 18 మందికి తక్కువగాని, 25 మందికి ఎక్కువగాని ఉండరాదు. విదేశీయులు ఎనిమిది మందికి మించరాదు. పాతజట్లు నలుగురిని మించకుండ తమ ఆటగాండ్రను ముందే నిలుపుకొనవచ్చును. ఆ వ్యయము పరిమితిలోనుండి తగ్గింపబడును. బెంగుళూరు జట్టు కోహ్లీ, మాక్స్‌వెల్, సిరాజ్‌లను నిలుపుకొని 57 కోట్లతో వేలమునకు వచ్చినది. మా పుస్తకములో జట్టునకొక పుట, పుటకు నాలుగు గళ్ళు: నిలుపుకొన్నవారు, మిగిలిన ధనము, లోటు, ఊహ. కార్యాలయమున ఖాళీల పట్టిక తయారుచేసినవానికి ఇది క్రొత్త విద్య కాదు. లోటు తెలిసినచో ఊహ సగము సిద్ధించినట్లే. ఏ జట్టునకు వికెట్ కీపరు లేడు, ఎవరికి నాయకుడు లేడు అని చూచుకొనవలెను. ధర మాత్రము ఆటగాని యోగ్యత యొక్కదానివలన పెరుగదు. అతనిని గట్టిగా కోరు జట్లు రెండున్ననే పెరుగును.

ఆ వేలమున మొట్టమొదట పిలువబడినవారు పదిమంది ప్రముఖులు. ధావన్ 8.25 కోట్లకును రబాడ 9.25 కోట్లకును పంజాబునకు పోయిరి. అశ్విన్, బౌల్ట్ రాజస్థాన్ పాలైరి. కమిన్స్‌తోబాటు శ్రేయస్ అయ్యర్ 12.25 కోట్లకు కలకత్తా చేరెను. షమీ గుజరాతునకు, డికాక్ లక్నోకు, డుప్లెసీ 7 కోట్లకు బెంగుళూరునకు, వార్నర్ 6.25 కోట్లకు ఢిల్లీకి. మా కూటమిలో పెక్కుమంది అయ్యర్ బెంగుళూరునకు నాయకుడుగా వచ్చునని వ్రాసియుండిరి, వచ్చినవాడు డుప్లెసీ. పదింటిలో నాలుగు సరిపోయినవాడే ఆనాటి మా విజేత. ఆ సాయంకాలమే ఇషాన్ కిషన్‌ను ముంబయి 15.25 కోట్లకు కొనెను. ఆ వేలమునకంతకును అదియే హెచ్చు ధర. అతడు ఆ పదిమందిలో లేడు. మొదట పిలువబడుట వేరు, హెచ్చుగా కోరబడుట వేరు అని ఆనాడు మా పుస్తకమే మాకు బోధించినది. వేలము నడుపుచున్న హ్యూ ఎడ్మీడ్స్ మధ్యలో స్పృహతప్పి పడిపోవుటయు, చారు శర్మ వచ్చి ఆ సుత్తిని చేతబట్టుటయు మాత్రము ఏ పంచాంగమునను లేవు.

వార్నర్ పేరు వచ్చినప్పుడు మా బల్లవద్ద కొంతసేపు నిశ్శబ్దము. అతడు తెలుగు పాటలకు అడుగులు వేసి మన పిల్లల మనసు దోచినవాడు. 2016 మే 29న ఇచ్చటి చిన్నస్వామి క్రీడాంగణమున అతని నాయకత్వమున హైదరాబాదు జట్టు బెంగుళూరును 8 పరుగులతో ఓడించి కప్పు గెలిచినది. ఆనాడు కాటన్‌పేట తెలుగువారి స్థితి పుట్టింటికిని మెట్టినింటికిని తగవు వచ్చిన ఆడుపడుచు స్థితివలె నుండెను.

ఇంతవరకు వినోదము. ఇక వినోదము కాని సంగతి.

ఆ 2022 వేలమునకు 1214 మంది ఆటగాండ్రు పేరులు నమోదు చేయించుకొనిరి. వారిలో మా వీధి కుర్రవాడు ఒకడు. ఎడమచేతి స్పిన్ బౌలరు. రాష్ట్రపు పిల్లల జట్టులో ఆడినవాడు. తండ్రి లేడు, తల్లి ఇంటివద్ద ఊదుబత్తులు పొట్లములు కట్టి పెంచినది. జనవరిలో మా కూటమి సభ్యులొకరు ఉత్సాహమున అతని పేరు ఒక జట్టు పుటలో, కనీసధర 20 లక్షలని వ్రాయించిరి. వార్త ఆ రాత్రికే వీధి చివరివరకు ప్రాకినది. మరునాడు ఉదయము ఆ తల్లి మా గుమ్మము ముందు నిలిచినది.

"అన్నా, మావాని పేరు మీ బుక్కులో రాసినారంట. వాడు రేత్రంతా నిద్ర పోలేదు. మీరు పెద్దోళ్ళు, మీరు రాస్తే అయిపోయినట్టే అనుకుంటాడు. దయచేసి కొట్టేయండి."

పేరు కొట్టివేయుట గుమాస్తాకు అలవాటైన పనియే. కాని ఆ గీత గీయుటకు మా చేయి కొంత ఆలసించినది. గీసితిమి. సాయంకాలము కుర్రవాడు వచ్చెను.

"మామా, నా పేరు కొట్టేసినారంటనే. మీకు కూడా నమ్మకం లేదా?"

"నాయనా, ఈ బుక్కులో ఉండే వాళ్ళంతా మాకు ఉత్త పేర్లు. తప్పు రాసినా ఒక కాఫీతో పోతుంది. నువ్వు మాకు పేరు కాదురా" అంటిమి. అతడు బదులు చెప్పలేదు. చెప్పులు తొడుగుకొని పోయెను.

ఫిబ్రవరి మొదటి తేదీన 590 మంది జాబితా వెలువడినది. అందు అతని పేరు లేదు. నాలుగు దినములు ఆ యింటి తలుపు తెరువబడలేదు. అయిదవనాడు అతడు సంచి భుజమున వేసికొని అభ్యాసమునకు పోవుచుండగా చూచితిమి. ఆ తల్లి మమ్ము చూచి తలయూచినది. వేలములో అమ్ముడుపోయినవారు 204 మంది. 1214 నుండి 204 తీసివేయగా మిగులు 1010. ఆ వేయింటి పదిమంది ఇండ్లలోను తలుపులు మూతపడియుండునని ఆనాడు మాకు తోచినది. మా పుస్తకములో వారికి గడియే లేదు.

ఆ సంవత్సరము నుండి కూటమి రెండు నియమములు చేసికొన్నది. మొదటిది, మన వీధివారి పేరు ఎన్నడును వ్రాయరాదు. రెండవది, ప్రతి పుటకు అయిదవ గడి యొకటి చేర్చి, దానిని అయిదేండ్ల తరువాత పూరింపవలెను. ఈ రెండవ నియమము వలన మేము గ్రహించినది చాల గలదు.

పుస్తకము మొదలిడిన 2017 ఫిబ్రవరి వేలమును చూడుడు. అదియు బెంగుళూరుననే జరిగినది. ఇంగ్లండు బౌలరు టైమల్ మిల్స్‌ను బెంగుళూరు 12 కోట్లకు కొన్నది. హైదరాబాదు ఆటో డ్రైవరు కుమారుడైన మహమ్మద్ సిరాజ్‌ను, 20 లక్షల కనీసధరనుండి పెరిగి, హైదరాబాదు 2.6 కోట్లకు తీసికొన్నది. 2022లో ఆ గడి నింపునప్పటికి మిల్స్ ధర 1.5 కోట్లు, సిరాజ్‌ను నిలుపుకొనుటకు బెంగుళూరు వెచ్చించినది 7 కోట్లు. ఇందు మిల్స్ దోషమేమియు లేదు. వేలమునాటి ధర ఆనాటి కోరికకు కొలతయే గాని మనిషికి కొలత కాదు.

ఇంకను వెనుకకు పోవుదము. 2008లో తొలి వేలము ముగిసిన పిమ్మట, 19 ఏండ్లలోపు జట్టు పిల్లలను వేలము వేయక, అమెరికావారివలె వంతులవారీగా ఎన్నుకొనిరి. మన దేశమున ఆ పద్ధతికి అదియే దగ్గరి ఉదాహరణము. సెహ్వాగ్, గంభీర్‌ల వంటి బ్యాట్స్‌మెన్ గల ఢిల్లీ, తన ఊరివాడైన విరాట్ కోహ్లీ అందుబాటులో నుండగా, బౌలరు కావలెనని ప్రదీప్ సంగ్వాన్‌ను కోరుకొనెను. లోటు గడి చూచి చేసిన పని. అందు తర్కదోషము లేదు. కోహ్లీ బెంగుళూరునకు వచ్చెను. ఆ ఎంపిక ఫలము కప్పు రూపమున చేతికందుటకు 2025 జూన్ 3 వరకు, అనగా 18 పోటీలు, వేచియుండవలసివచ్చినది. మరునాడే చిన్నస్వామి క్రీడాంగణము వెలుపల తొక్కిసలాటలో 11 మంది మరణించిరి. ఆ గడిని మేము రెండు రంగుల సిరాతో వ్రాసినాము.

అమెరికావారి పుటలును ఇట్లే యున్నవి. 1936లో మొట్టమొదట పిలువబడిన జే బెర్వాంగర్ వృత్తి ఆట ఒక్కటియు ఆడలేదు. 2000లో 199వ పేరుగా పిలువబడిన టామ్ బ్రేడీ ఏడుమారులు విజేత జట్టులో నుండెను. 2022లో అందరికంటె చివర, 262వ వాడుగా పిలువబడిన బ్రాక్ పర్డీ, రెండేండ్లలోపలనే తన జట్టును తుది పోరాటమునకు నడిపెను.

అట్లని ఊహించుట వ్యర్థమని మా అభిప్రాయము కాదు. లోటు గుర్తించుట, లెక్క చూచుట, ఇతరుల అవసరమును వారి స్థానమున నిలిచి ఆలోచించుట మంచి విద్యలే. వార్ధక్యమున మెదడునకు తుప్పు పట్టనీయవు. అయితే ఊహించుటకు కూడ ఒక మర్యాద గలదు. మన ఊహ ఎవని చెవిని పడునో వాడు దూరమున నున్నంతవరకే అది వినోదము. మన పిల్లల విషయమున పెద్దల ఊహ వారి నెత్తిన బరువగును. ఇంజనీరగును, డాక్టరగును, అమెరికా పోవును అని చుట్టములు వ్రాయు జాబితాలును ఇట్టివే గదా. పూర్వము స్వయంవరమున వరమాల పట్టినది కన్య. నేటి వేలములో మెడ చాచి నిలుచువాడు ఆటగాడు. మాల పడనివాని మెడ చిన్నదని ఎవరనగలరు?

మా వీధి కుర్రవాడు ఇప్పుడొక కంపెనీ జట్టున లీగ్ ఆటలాడుచు, ఉదయములందు చిన్నపిల్లలకు బంతి త్రిప్పుట నేర్పుచున్నాడు. వారిలో ఒకడు మంచి చేతివాటము గలవాడని చెప్పుచుండును. ఆ బాలుని పేరేమని మేము ఇంతవరకు అడుగలేదు.