తాతయ్య చాకు

అమ్మమ్మ 2019లో పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు తిరువూరు ఇంట్లో ఆమె ట్రంకుపెట్టె తెరిచారు. రెండు పట్టుచీరలు, ఒక బ్యాంకు పుస్తకం, అడకత్తెర, అడుగున పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన మడత చాకు. "అరె, నాన్న చాకు!" అంటూ పెద్ద మావయ్య చెయ్యి చాచాడు. మగవాళ్ళ వస్తువు ఈ పెట్టెలోకి ఎలా వచ్చిందని అత్తయ్య ఆశ్చర్యపోయింది. అది నలుగురి చేతులూ మారింది. సాయంత్రం నేను హైదరాబాదు బయల్దేరేటప్పుడు అమ్మ ఏమీ మాట్లాడకుండా దాన్ని నా బట్టల మధ్య పెట్టేసింది. ఇంటికొచ్చి సంచీ సర్దుకునేదాకా నాకు తెలియలేదు.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. తాళపత్రం దొరికితే ఏ కాలం నాటిదో, ఎవరి చేతిరాతో వెతకడం అలవాటు. చాకుని కూడా అలాగే చదవచ్చని అప్పటిదాకా తోచలేదు. పాత చాకులు సేకరించేవాళ్ళు ముందుగా చూసేది బ్లేడు మొదలు, అంటే మడత తిరిగే చోటు. ముద్ర అక్కడ ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే తుప్పు కింద ఒక నక్షత్రం, పక్కన మాల్టా శిలువ కనిపించాయి. అది ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊళ్ళో జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ అనే కంపెనీ గుర్తు. ఆ ఊరి కత్తుల పనివాళ్ళ సంఘానికి 1624లోనే చట్టం ఉంది. ఎవరి గుర్తు వాళ్ళదేనని నమోదు చేసేది ఆ సంఘమే.

ముద్రలో కిరీటానికి అటూ ఇటూ జి, ఆర్ అక్షరాలున్నాయి. రాజు మారితే అక్షరం మారుతుంది. విక్టోరియా కాలానిదైతే వి.ఆర్. ఉండాలి. జార్జి అంటే ఏ జార్జి? నాలుగో జార్జి 1830లోనే పోయాడు. కానీ నా చాకు మీద ఇంగ్లండ్ అని కూడా ఉంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే ఎగుమతి కత్తుల మీద ఆ మాట వేయడం మామూలైంది. కాబట్టి ఇది ఐదో జార్జి కాలానిదో, ఆరో జార్జి కాలానిదో అవ్వాలి. 1910కీ 1952కీ మధ్య. తాతయ్య వాళ్ళ నాన్నకి ఎవరో దొర బహుమతిగా ఇచ్చాడని ఇంట్లో ఒక కథ ఉంది. నాకైతే నమ్మకం లేదు. ఈ కంపెనీ చాకులు మన బజార్లలో డబ్బిచ్చి కొనుక్కోగలిగినవే. అయినా మగవాడి చేతిలో వస్తువుకి ఒక దొర కథ ఉంటుంది. అడకత్తెరకి ఏ కథా లేదు.

పిడి కణుజు కొమ్ము. షెఫీల్డ్ కత్తుల పిడులకి మన దేశపు కణుజు కొమ్ములు విరివిగా వెళ్ళేవి. మన అడవిలోంచి ఓడెక్కి పోయి, ఉక్కు తగిలించుకుని తిరిగొచ్చిన కొమ్మన్నమాట. ఆ ఊళ్ళో చెంచాలకీ కత్తులకీ మెరుగు పెట్టింది ఎక్కువగా ఆడవాళ్ళు. మసి అంటకుండా తలకి గుడ్డ కట్టుకుని, ఒంటికి గోధుమరంగు కాగితం చుట్టుకుని పనిచేసేవాళ్ళు. విలియం రోథెన్‌స్టైన్ అనే చిత్రకారుడు 1919లో వాళ్ళ బొమ్మ గీశాడు. ముద్ర మీద మాత్రం తండ్రీ కొడుకులే ఉన్నారు. 'అండ్ సన్స్' అన్న మాట దగ్గర నా భూతద్దం కాసేపు ఆగిపోయింది.

ఎందుకంటే మా ఇంట్లో కూడా 'అండ్ సన్స్' దస్తావేజు ఒకటుంది. 1998లో తాతయ్య, ఇద్దరు మావయ్యలు మామిడితోట పంచుకుని రిజిస్టరు చేయించుకున్నారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించదు. అమ్మ పెళ్ళి 1984లో. 2005లో కేంద్రం సవరణ ఆ తేడా తీసేసింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి అది పోదు. రెండు చట్టాలూ అమ్మకి అటొకటి ఇటొకటి తప్పిపోయాయి. "పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చాం కదా" అన్నారు. ఆ దస్తావేజులో అమ్మ సంతకం ఉంది, సాక్షిగా.

చాకుని జుమ్మేరాత్ బజారులో పాత కత్తులు అమ్మే ఒకాయనకి చూపించాను. ముద్ర చూసి కళ్ళు మెరిశాయి. బ్లేడు తెరిచి పెదవి విరిచాడు. "అరగదీసేశారమ్మా, పాడు చేశారు, దీనికేం రాదు." నిజమే. సేకరించేవాళ్ళకి నిండు బ్లేడు కావాలి, పెట్టెలోంచి తీయనట్టు ఉండాలి. వాడుక అంటే వాళ్ళకి నష్టం. ఆయన చెప్పిన ఒక మాట మాత్రం నాతో ఇంటికొచ్చింది. "పైగా ఒక పక్కే నూరారు."

ఆ రాత్రి మళ్ళీ చూశాను. బ్లేడుకి ఒక ముఖం చదునుగా ఉంది, రెండో ముఖమే ఏటవాలుగా నూరి ఉంది. ఉక్కు నల్లబడిపోయింది. తుప్పు పట్టని ఉక్కు 1913లో షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రియర్లీ తయారు చేశాడు గానీ ఇది మామూలు ఉక్కు. మామిడి సొన తగిలితే నల్లబడుతుంది. ఒక పక్కే నూరిన కత్తి అంటు కట్టేవాళ్ళది. రెండు పక్కలా నూరితే కోత గుంటపడుతుంది, చెక్కిన రెండు ముఖాలూ సరిగ్గా ఆనవు. కుడిచేతి వాళ్ళయితే ఒక పక్క నూరతారు, ఎడమచేతి వాళ్ళయితే రెండో పక్క. నేను కూరగాయల కత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ఈ చాకు నా కుడిచేతికి పని చేయలేదు. ఎడమచేతిలోకి తీసుకుంటే చదును ముఖం కొమ్మ మీద బుద్ధిగా కూర్చుంది.

తాతయ్యది కుడిచెయ్యి. మావయ్యలిద్దరిదీ కుడిచెయ్యే. ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్క అమ్మమ్మదే. చిన్నప్పుడు ఆ చేతి మీద కొట్టి కొట్టి అన్నం తినడం మాత్రం కుడిచేత్తో నేర్పించారట. అది తప్ప తక్కినదంతా ఎడమచేత్తోనే చేసేది.

అమ్మకి ఫోన్ చేశాను. అమ్మమ్మ అంటు కట్టేదా అని అడిగితే, అదేదో అందరికీ తెలిసిన విషయంలా చెప్పుకుపోయింది. కుండీల్లో టెంకమొక్కలు పెంచి, తల్లిచెట్టు కొమ్మ ఎత్తుకి పందిరేసి నిలబెట్టి, మొక్కనీ కొమ్మనీ పలచగా చెక్కి, ఒకదానికొకటి ఆనించి అరటినారతో కట్టేదట. రెండు మూడు నెలలకి అతుక్కున్నాక కోసి దించేవాళ్ళు. చిన్నరసాలు, బంగినపల్లి అలా వేసినవే. ఆ మొక్కలకి నీళ్ళు మోసింది మాత్రం అమ్మమ్మ కాదు. మాలపల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళ కొడవళ్ళకి ఏ ముద్రా లేదు. ఊరి కమ్మరి దగ్గర కక్కు కొట్టించుకుంటూ, అరిగి అరిగి సన్నబడేదాకా వాడేవాళ్ళు. ఏ పెట్టెలోనూ మిగలలేదు. అమ్మమ్మ చాకు దొరికిందని నేను సంబరపడుతున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆమెకి దాచుకోవడానికి ఒక ట్రంకుపెట్టె అయినా ఉంది.

పోయిన వేసవిలో పెద్ద మావయ్య కొత్త ఇల్లు కట్టాడు. హాల్లో తాతయ్య ఫొటో కింద అద్దాల అలమరా ఉంది. చాకు నా దగ్గరుందని ఎలా తెలిసిందో, ఫోన్ చేశాడు. "నీకెందుకమ్మా అది? నాన్న చేత్తో అంటు కట్టిన తోట. ఆ చాకు ఇక్కడుంటేనే అందం." నేను బ్లేడు సంగతి, నూరిన పక్క సంగతి, ఎడమచెయ్యి సంగతి అంతా వివరంగా చెప్పాను. డాక్టరేటు ఇచ్చిన రోజు కూడా అంత శ్రద్ధగా చెప్పలేదు. అవతల కాసేపు మాట లేదు. "ఎవరు కడితే ఏంటమ్మా, తోట నాన్నదే కదా" అన్నాడు.

ఇవ్వాలా వద్దా అని అమ్మని అడగడానికి వెళ్ళాను. అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని కత్తిపీట మీద పచ్చడికాయ తరుగుతోంది. మావయ్యకి పాపం ఈ సంగతి తెలిసుండదు అన్నాను.

"తెలియకపోవడమేంటి?" అంది అమ్మ తలెత్తకుండా. "వాడికి అంటు కట్టడం నేర్పింది ఆవిడే. కుడిచేత్తో కుదరడం లేదని ఏడుస్తుంటే బజారులో వేరే చాకు కొనిచ్చింది."